మందులు మానేసిన మనిషిని ఏమని అడగాలి?

అందరికీ నమస్కారం.

ఈ సభలో నర్సులు, ఫార్మసిస్టులు, చదువు ముగించి ఈ మధ్యనే రోగులను చూడటం మొదలుపెట్టిన డాక్టర్లు ఉన్నారు. ఇంట్లో ఎవరికో బీపీయో షుగరో ఉండి, వాళ్ల చేత మందులు వేయించలేక అలసిపోయి వచ్చినవారు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే వైద్య పరిభాష వీలైనంత తగ్గించి మాట్లాడతాను.

దీర్ఘకాలిక వ్యాధుల చికిత్స గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఒక నివేదిక వెలువరించింది. సంపన్న దేశాల్లో కూడా ఇలాంటి రోగుల్లో చికిత్సను చెప్పిన ప్రకారం కొనసాగించేవారు సగటున సగం మందేనని అందులో తేల్చారు. పేద దేశాల్లో అంతకంటే తక్కువ. మిగతా సగం మంది గురించి మనం సాధారణంగా ఒకే మాట అంటాం: "చెప్పినా వినరు." ఆ మాట అన్నాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. జ్వరంతో వచ్చిన మనిషిని "మీకు జ్వరం" అని చెప్పి పంపేయం కదా, ఎందుకు వచ్చిందో వెతుకుతాం. మందు మానేయడాన్ని కూడా అలాగే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. దానికి కారణం ఉంటుంది. ఆ కారణం మనిషికీ మనిషికీ మారుతుంది. కారణం తెలుసుకోకుండా ఎంత నచ్చజెప్పినా అది తలకెక్కదు.

ముందు అడిగే పద్ధతి చూద్దాం. "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అంటాం. "వేసుకుంటున్నానండీ" అంటారు. ఈ ప్రశ్నకు వేరే జవాబు రాదు. లేదంటే మన ముఖం మారుతుందని వారికి తెలుసు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారనీ తెలుసు. రోగులు మందు వేసుకున్నామని అబద్ధం చెబుతుంటారు, కనిపెట్టి ఉండండి అన్న హెచ్చరిక హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న ప్రాచీన గ్రీకు వైద్య రచనల్లోనే ఉంది. అంటే ఇది మన కాలపు సమస్య కాదు, ఏ ఒక్క చోటి సమస్యా కాదు.

మందు సీసా మూతలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ అమర్చి, మూత తీసిన ప్రతిసారీ తేదీ, సమయం నమోదయ్యే ఏర్పాటు ఒకటి ఉంది. జాయిస్ క్రేమర్ బృందం దానితో మూర్ఛ రోగులను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రచురించింది. రోజుకు ఒక్కసారి వేసుకునే మందైతే 87 శాతం మోతాదులు చెప్పినట్టే పడ్డాయి. రెండుసార్లైతే 81, మూడుసార్లైతే 77. నాలుగుసార్లు వేసుకోమంటే 39 శాతానికి పడిపోయింది. వీరంతా మందు మానితే ఫిట్స్ వస్తాయని అనుభవంతో తెలిసినవారు. అంత భయం ఉన్నవారికే రోజుకు నాలుగుసార్లు సాధ్యం కాలేదంటే, ఏ బాధా తెలియని బీపీ రోగిని ఏమనగలం? ఆ చీటీ రాసింది మనమే.

అదే బృందం తర్వాత ఇంకో సంగతి కూడా చూపించింది. డాక్టరును కలవబోయే నాలుగైదు రోజుల ముందు, కలిసివచ్చిన నాలుగైదు రోజుల తర్వాత మందులు చక్కగా వేసుకుంటారు. నెల తిరిగేసరికి ఆ శ్రద్ధ తగ్గిపోతుంది. కాబట్టి ఆ ఒక్క రోజు క్లినిక్‌లో చూసిన బీపీ బాగుందని సంతోషించి వదిలేయకూడదు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ లాంటి పరీక్ష ఒకలా, ఆ ఉదయం చూసిన షుగర్ మరోలా ఉంటే, అక్కడ ఆగి నెమ్మదిగా అడగాలి.

ఎలా అడగాలి? నేను ఇలా అడుగుతాను: "ఇన్ని మాత్రలు రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవడం ఎవరికైనా కష్టమే. పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పిపోయి ఉంటాయి?" తప్పిందా లేదా అని కాదు, ఎన్నిసార్లు తప్పింది అని. ఆ తర్వాత నోరు మూసుకుని ఆగాలి. ఇది అన్నిటికంటే కష్టమైన భాగం. రోగి మాట్లాడటం మొదలుపెట్టాక డాక్టర్లు సగటున 18 సెకన్లలోనే అడ్డుపడుతున్నారని 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. అసలు కారణం తొలి మాటల్లో రాదు. "తప్పలేదండీ" అంటారు, కాసేపు ఆగుతారు, "అంటే, ఆ చిన్న తెల్ల మాత్ర మాత్రం..." అని మొదలుపెడతారు. ఆ "మాత్రం" దగ్గరే మనకు కావలసినది ఉంటుంది.

మరో మంచి పద్ధతి, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తెమ్మనడం. బల్ల మీద పరిస్తే చాలా తెలుస్తుంది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు డబ్బాల్లో ఉంటుంది, రెండూ వేసుకుంటుంటారు. ఎప్పుడో ఆపేయమన్న మందు ఇంకా నడుస్తుంటుంది. తప్పకుండా వేసుకోవలసిన మందు సీలు కూడా విప్పకుండా ఉంటుంది. అప్పుడు తప్పు పట్టినట్టు చూడకండి. ఒకసారి అలా చూస్తే మరోసారి సంచి తీసుకురారు.

ఇక, తెలియకపోవడం వల్లనే మానేస్తారన్న నమ్మకం గురించి. మనలో చాలామందికి ఇది ఉంది. వివరంగా చెబితే వేసుకుంటారని అనుకుంటాం. కెనడాలోని హామిల్టన్‌లో డేవిడ్ సాకెట్, బ్రయాన్ హేన్స్, వారి సహచరులు ఉక్కు కర్మాగారంలో పనిచేసే, బీపీ ఉన్న కార్మికుల మీద దీన్ని పరీక్షించారు. కొందరికి బీపీ గురించి, మందుల గురించి పద్ధతి ప్రకారం పాఠాలు చెప్పారు. కొందరికి పని చేసే చోటనే వైద్యం అందేలా చూశారు. 1975లో ఫలితాలు వచ్చాయి. పాఠాలు విన్నవారు బీపీ గురించి బాగా నేర్చుకున్నారు, కానీ మందులు మాత్రం మిగతావారికంటే ఎక్కువేమీ వేసుకోలేదు. వైద్యం దగ్గరికి తెచ్చినా తేడా రాలేదు. ఆ బృందం అక్కడితో ఆగిపోలేదు. మందులు వాడక, బీపీ అదుపులోకి రాని కార్మికులతో ఇంకో ప్రయత్నం చేసింది. తమ బీపీ తామే చూసుకోవడం, దాన్ని రాసిపెట్టుకోవడం, మాత్రను రోజూ చేసే ఏదో ఒక పనితో ముడిపెట్టుకోవడం, రెండు వారాలకోసారి ఒకరు కలిసి ఎలా సాగుతోందని మాట్లాడటం, ఇవి అందులో ముఖ్యమైనవి. 1976లో ఈ ఫలితం వచ్చింది: మందుల వాడకం స్పష్టంగా పెరిగింది.

నేను ఈ రెండు అధ్యయనాలను పదే పదే గుర్తుచేసుకుంటాను. రోగికి చెప్పడం మానేయమని నా ఉద్దేశం కాదు. తెలుసుకునే హక్కు రోగికి ఉంది, చెప్పే బాధ్యత మనకు ఉంది. కానీ చెప్పడంతో మన పని అయిపోయిందనుకుంటే అసలు పని మొదలుకానట్టే. తన అంకె తన కళ్లతో చూడటం, తనను అడిగే మనిషి ఒకరు ఉండటం, ఈ రెండూ పాఠాలు చేయలేనిది చేశాయి.

కారణాల్లో మొదటిది, బాధ లేకపోవడం. బీపీ, కొలెస్ట్రాల్ నొప్పి పెట్టవు. "తగ్గిపోయింది కదా అని ఆపేశానండీ" అని రోగి అన్నప్పుడు అది మొండితనం కాదు. తలనొప్పికి మాత్ర వేసుకుని, తగ్గగానే ఆపేయడం మనందరికీ తెలిసిన పద్ధతి. అదే పద్ధతిని ఆయన ఇక్కడా పాటించాడు. మాత్ర వేసుకుంటున్నందువల్లే అంకె తగ్గిందని చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా, ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వారానికి కొన్నిసార్లు చూసి రాసుకోమనాలి. కంటికి కనిపించని జబ్బుకు ఆ కాగితమే రూపం ఇస్తుంది.

ఉబ్బసంలో ఇంకో చిక్కు ఉంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ నిమిషాల్లో ఊపిరి ఆడిస్తుంది. రోజూ పీల్చమని ఇచ్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ప్రభావం తెలియడానికి రోజులు, వారాలు పడుతుంది. రోగి మొదటిదాన్ని నమ్మి రెండోదాన్ని అల్మారాలో పెట్టేస్తాడు. మొదటిదాన్ని మాటిమాటికీ వాడుతున్నాడంటే అది ప్రమాద సూచన. అంతేకాదు, "రోజూ వాడుతున్నాను, గుణం లేదు" అనేవారి చేత ఒకసారి నా ముందే పీల్చి చూపించమంటాను. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు నొక్కాల్సింది, వదిలేటప్పుడు నొక్కేవారు ఉంటారు. ముందుగా డబ్బాను ఊపనివారు ఉంటారు. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగపట్టాలని వారికి ఎవరూ చెప్పి ఉండరు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయకపోవడం వల్ల నోట్లో తెల్లని పూత వచ్చి, ఒంటికి పడలేదని మానేసినవారూ ఉంటారు. వీళ్లలో ఎవరినీ "వినడం లేదు" అనడానికి లేదు. నేర్పిస్తే రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు.

గుండె బలహీనతకు, ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా పంపేసే నీటి మాత్ర వాడుతున్న ఒక బస్సు డ్రైవరు గురించి చెబుతాను. మాత్ర ఉదయం వేసుకోమని రాసి ఉంది. వేసుకున్న గంటలోపే మూత్రానికి పరుగెత్తాలి. నిండా జనంతో ఉన్న బస్సును ఎక్కడ ఆపుతాడు? అందుకని పని ఉన్న రోజుల్లో మానేసి, సెలవు రోజున మాత్రం వేసుకునేవాడు. కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చి మళ్లీ మళ్లీ ఆస్పత్రికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ అతనికి ఉపదేశం దొరికింది, మోతాదు పెరిగింది. మీరు బస్సు ఎన్ని గంటలకు దిగుతారని ఒక నర్సు అడిగింది. మధ్యాహ్నం రెండింటికి దిగుతానన్నాడు. డాక్టరుతో మాట్లాడి మాత్రను ఇంటికి చేరాక వేసుకునేలా మార్పించింది. వాపు తగ్గింది. ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడగగలిగినదే.

దుష్ప్రభావాల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమందిని మనం పోగొట్టుకుంటాం. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలతో కొందరికి వదలని పొడి దగ్గు వస్తుంది. మందు వల్లేనని తెలియక దగ్గు మందులు తాగుతారు, లేదా తెలిసి మాత్ర ఆపేస్తారు. లోసార్టన్, టెల్మిసార్టన్ వర్గానికి మారిస్తే ఆ దగ్గు సాధారణంగా పోతుంది. మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపులో తిప్పుతుంది, విరేచనాలు అవుతాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనంతో పాటు ఇచ్చి, నెమ్మదిగా పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. ఈ సంగతి మనం ముందే చెబితే మొదటి వారం ఓర్చుకుంటారు. చెప్పకపోతే మూడో రోజే ఆపేస్తారు. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు దాంపత్య జీవితాన్ని దెబ్బతీస్తాయి. దీన్ని రోగి తనంతట తాను చెప్పడు. "కొందరికి ఇలాంటి ఇబ్బంది వస్తుంది, మీకేమైనా ఉందా?" అని, తలుపు వేసి, పక్కన ఎవరూ లేనప్పుడు మనమే అడగాలి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో ఒళ్లు నొప్పులని మానేసినవారి మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. వారికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, కొన్ని నెలలు ఏ మాత్రా ఇవ్వలేదు. రోజూ బాధ ఎంత ఉందో ఫోనులో నమోదు చేయమన్నారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. బాధ నిజం, అది కల్పన కాదు. కాకపోతే అది ఎక్కువగా మాత్ర వేసుకుంటే బాధ వస్తుందన్న ఎదురుచూపు నుంచి వచ్చింది. ఎవరి లెక్క వారికే చూపించి మాట్లాడాక, పాల్గొన్నవారిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. "అదంతా మీ భ్రమ" అని ఉంటే ఒక్కరైనా మొదలుపెట్టేవారా?

భయాల గురించి. "జీవితాంతం వాడాలా?" అని అడిగే గొంతులో చాలా దుఃఖం ఉంటుంది. అవునని ఒక్క ముక్కలో చెప్పి తర్వాతి రోగిని పిలవడం నాకు నచ్చదు. వచ్చే మూడు నెలల గురించి మాట్లాడండి. బరువు, ఉప్పు తగ్గించుకుంటే కొందరికి బీపీ మోతాదు తగ్గించే వీలుంటుంది, అది నిజం, చెప్పండి. మందులు ఎక్కువ వాడితే కిడ్నీలు పాడవుతాయన్న భయం మరొకటి. ఇది పూర్తిగా నిరాధారం కాదు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. అదుపులో లేని బీపీ, షుగర్ మాత్రం అంతకంటే ఎక్కువమంది కిడ్నీలను పాడుచేస్తాయి. ఆ భయాన్ని గౌరవించి, నొప్పి మాత్రల వైపు తిప్పి, బీపీ మాత్ర కిడ్నీకి కాపలా అని వివరిస్తే వింటారు.

డబ్బు విషయం అడగడానికి మనం మొహమాటపడతాం. "ఈ మందులు కొనడం భారమవుతోందా?" అని సూటిగా అడగండి. రోజు విడిచి రోజు వేసుకోవడం, మాత్రను సగం చేయడం ఆ భారం వల్లే కావచ్చు. చవకైన జనరిక్ ఉందేమో, ఆపదగిన మందు ఉందేమో చూడండి. అయితే అంతా డబ్బే అనుకోవద్దు. అమెరికాలో గుండెపోటు వచ్చినవారికి రోగి వాటా ఖర్చు లేకుండా మందులిచ్చి చూసిన పెద్ద అధ్యయనం 2011లో వెలువడింది. వాడకం 4 నుంచి 6 శాతం పాయింట్లు పెరిగింది. ఆ మేలు కాదనలేనిది, ఉచితం చేయవలసిందే. కానీ ఉచితంగా ఇచ్చినా ఎందరో వేసుకోలేదు.

మనసు బాగాలేకపోవడం కూడా పెద్ద కారణం. డిప్రెషన్ ఉన్న రోగులు వైద్య సలహా పాటించకపోయే అవకాశం, లేనివారితో పోలిస్తే మూడు రెట్లని 2000లో వచ్చిన ఒక విశ్లేషణ చూపించింది. బతకాలన్న ఆశే సన్నగిల్లిన మనిషికి షుగర్ మాత్ర ఎందుకు గుర్తుంటుంది? అక్కడ ముందు చూడవలసింది డిప్రెషన్‌ను.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. ఫిట్స్ మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. స్టెంట్ వేసిన కొత్తలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ మాత్రలను, బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లనే మందులను హఠాత్తుగా ఆపకూడదు. పంటి వైద్యానికి వెళ్లినా, చిన్న ఆపరేషన్‌కు వెళ్లినా, మందు రాసిన డాక్టరును అడగకుండా వీటిని ఆపవద్దని చీటీ ఇచ్చిన రోజే చెప్పాలి. మందుల షాపులో ఇచ్చేటప్పుడు ఫార్మసిస్టు మరోసారి చెప్పాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదని కూడా అప్పుడే చెప్పాలి.

చీటీని తేలిక చేయడం మన చేతుల్లో ఉన్న పని. గుండె జబ్బు ఉన్నవారికి, వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి వేర్వేరు మాత్రల బదులు అన్నీ కలిపిన ఒకే మాత్ర ఇచ్చి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. కలిపి ఇచ్చినవారిలో వాడకం 86 శాతం, విడివిడిగా వాడినవారిలో 65 శాతం. చీటీలో ఇంకో మందు చేర్చే ముందు, తీసేయదగినది ఏదైనా ఉందా అని చూసే అలవాటు మనకు రావాలి. రోగి మానేసిన మందు నిజంగానే అక్కర్లేనిదై ఉండటం కూడా జరుగుతుంది. అప్పుడు ఆ మాట ఒప్పుకుని చీటీలోంచి కొట్టేయండి. మిగతా మందుల మీద ఆయనకు నమ్మకం పెరుగుతుంది.

ఇంటివారికి ఒక విన్నపం. "వేసుకున్నావా, వేసుకున్నావా" అని రోజూ నిలదీస్తే, మీతో గొడవ తప్పించుకోవడానికి అబద్ధం చెబుతారు. దానికి బదులు వారంలో ఒక రోజు కూర్చుని, రోజుకో అర ఉన్న మందుల డబ్బాలో ఇద్దరూ కలిసి మాత్రలు సర్దండి. ఖాళీ కాని అర ఉంటే మీరు అడగకుండానే కనిపిస్తుంది. పళ్లు తోముకునే చోట పెడతారో, పడక పక్కన పెడతారో ఆయననే నిర్ణయించుకోనివ్వండి. పరగడుపున వేసుకోవలసిన థైరాయిడ్ మాత్ర లాంటివి లేవగానే చేతికి అందేలా ఉంటే చాలు.

ఇంత చేసినా, అన్నీ అర్థం చేసుకుని, "నాకు వద్దండీ" అనేవారు కొందరు ఉంటారు. అది వారి హక్కు. అప్పుడు కోపగించి పంపేస్తే ఆ మనిషి పూర్తిగా మన చెయ్యి దాటిపోతారు. "సరే, మీ నిర్ణయం నాకు అర్థమైంది. మందు లేకపోయినా నెలకోసారి వచ్చి బీపీ చూపించుకుని వెళ్లండి" అనండి. వారు వస్తారు. వచ్చినంతకాలం మాట్లాడే అవకాశం ఉంటుంది.

కేసు షీటు గురించి చెప్పి ఆపుతాను. "రోగి సహకరించడం లేదు" అని దయచేసి రాయకండి. ఆ వాక్యం చదివిన తర్వాతి డాక్టరుకు ఏం చేయాలో తెలియదు. "మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలై రెండు వారాలుగా మానేశారు, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు" అని రాయండి. ఇంకో రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. ఇంట్లో మందులు వేయించలేక ఇబ్బంది పడుతున్నామన్నవారు ముందు అడగండి.